గ్రూప్ రైడ్‌లో ఒక బండి ఆగిపోతే మిగతావాళ్లు ఆగాలా, పోవాలా?

పానగల్లు బాట (చర్చ మొదలుపెట్టినవారు)

పోయిన డిసెంబర్‌లో నల్లగొండ నుంచి ఎనిమిది బండ్ల మీద శ్రీశైలం పోయి వచ్చాం. వచ్చిన రోజు నుంచి మా వాట్సాప్ గ్రూపులో ఒకటే గొడవ. ఇద్దరు గ్రూపు వదిలి వెళ్లిపోయారు. జరిగింది జరిగినట్టు రాస్తాను, నా మాటా చెప్తాను. మీరేమంటారో చెప్పండి.

తిరుగు ప్రయాణంలో వటువర్లపల్లి దాటి మన్ననూరు వైపు వస్తున్నాం. నాది చివరి బండి. నా ముందున్న అతని బండి చైను తెగింది. టైం సాయంత్రం ఐదున్నర. చైను వెనక రోడ్డు మీద పడి ఉంటే ఏరుకొచ్చాను. చైను రెండు కొనల్ని కలిపే లాక్ మీది క్లిప్ ఎగిరిపోయింది, దాని పక్క ప్లేటు కూడా లేదు. నా టూల్ బ్యాగులో స్పేర్ లాక్ ఉంది కానీ అది నా 150 సీసీ బండిది, 428 సైజు. అతని బండి చైను 520. పిన్నుల మధ్య దూరమే వేరు, ఎంత తిప్పినా పట్టదు.

మా ముందు పోతున్న ఒకతను అద్దంలో మా లైట్లు కనపడక వెనక్కి తిరిగొచ్చాడు. మిగతా ఐదుగురు పోతూనే ఉన్నారు. ఫోన్లో ఒక్క గీత కూడా సిగ్నల్ లేదు. ఆరు దాటేసరికి చిమ్మచీకటి. చెట్ల మీద కొండముచ్చుల సద్దు తప్ప ఇంకేం వినపడలేదు. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు గేట్లు మూసేస్తారు. ఆ టైంకి బయటపడకపోతే పరిస్థితి ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు.

ఏడు దాటాక ఖాళీ టమాటా డబ్బాలతో పోతున్న ఒక పికప్ ఆగింది. బండిని పైకెక్కించడానికి నలుగురం పట్టాం. చైను లేదు కాబట్టి గేర్‌లో పెట్టినా వెనక చక్రం ఆగదు. అందుకని ముందు బ్రేకు లివర్‌ను పాత ట్యూబు ముక్కతో హ్యాండిల్‌కు బిగించి కట్టాం. రెండు పక్కలా తాడు లాగి కట్టినా సరే, బండి అతను గుంతల దగ్గర పడిపోకుండా మన్ననూరు దాకా దాన్ని ఒళ్లో పిల్లను పట్టుకున్నట్టు పట్టుకొనే నిలబడ్డాడు. ఎనిమిదింపావుకు గేటు దాటాం. డ్రైవరన్న డీజిల్ డబ్బులు మాత్రమే తీసుకున్నాడు.

అప్పటికి మా ఐదుగురూ డిండిలో ఉన్నారు. అక్కడ దిగి బండ్లు లెక్కపెట్టుకుంటే మూడు తక్కువని తెలిసిందట.

నా మాట ఇది. వెనక బండి లైటు నీ అద్దంలో కనపడకపోతే నువ్వు ఆగాలి. నువ్వు ఆగితే నీ ముందువాడికి నీ లైటు కనపడదు, వాడూ ఆగుతాడు. ఫోన్ లేకున్నా కబురు అలా ముందు బండి దాకా పోతుంది. కలిసి బయల్దేరినవాళ్లు కలిసి రావాలి.

డిండి వాగు

అన్నా, మీరు పడ్డ ఇబ్బంది చదువుతుంటేనే టెన్షన్ వచ్చింది. కానీ మీ నియమం ఆ రోడ్డుకు సరిపోదు. మన్ననూరు నుంచి దోమలపెంట దాకా మలుపులే మలుపులు. వెనక లైటు రెండు మూడు నిమిషాలు కనపడకపోవడం మామూలే. కనపడనప్పుడల్లా ఆగితే ఎనిమిది బండ్లు అడవిలో ఎనిమిది చోట్ల నిలబడి ఉంటాయి. అదే దారిలో శ్రీశైలం బస్సులు, లారీలు, యాత్రకు పోయే కార్లు. చీకట్లో మలుపు దగ్గర బండి ఆపడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. పైగా అక్కడ జంతువులు రోడ్డు దాటుతాయి, మధ్యలో ఆగొద్దని ఫారెస్టు వాళ్లు బోర్డులు పెట్టిందే అందుకు.

ఇంకో మాట. ఎనిమిది మంది చుట్టూ నిలబడితే చైను అతుక్కోదు. చివరి బండి, ఇంకొకరు ఆగితే చాలు. మిగతావాళ్లు సిగ్నల్ దొరికే చోటికి త్వరగా పోయి ట్రాలీ ఆటోనో పికప్పో మాట్లాడి పంపాలి. అసలు సాయం అదే.

స్పానర్, దేవరకొండ

పదిహేనేళ్లుగా షెడ్డు నడుపుతున్న. ఆగాలా పోవాలా అనేది తర్వాత మాట్లాడదాం, ముందు ఒకటి చెప్పు తమ్మీ. ఆ క్లిప్ ఎటు తిప్పి పెట్టారు?

చైన్ లాక్ క్లిప్ చేప ఆకారంలో ఉంటది. ఒక కొన మూసి ఉంటది, ఇంకో కొన చీలి ఉంటది. మూసిన కొన చైను నడిచే వైపు ఉండాలి, చీలిక వెనక్కి ఉండాలి. తిప్పి పెడితే చిన్న రాయి తగిలినా, చైన్ కవర్‌కు రాసుకున్నా ఊడి ఎగిరిపోతది. క్లిప్ పోయాక ప్లేటు ఎంతసేపు నిలుస్తది? నా షెడ్డుకు చైను తెగి వచ్చిన బండ్లలో సగం ఇట్లాంటివే. చైను లోపం కాదు, బిగించిన చేతి లోపం.

దూరం పోయేవాళ్లు క్లిప్ మీద కొంచెం సిలికాన్ సీలెంట్ రాసి ఆరనివ్వండి. బయల్దేరే ముందు రోజు చైను కింది వరసను వేలితో పైకి కిందికి ఆడించి చూడండి. ఎంత ఆడాలో మీ బండి పుస్తకంలో రాసి ఉంటది. మరీ బిగుతుగా ఉన్నా తెగుతది, మనిషి కూర్చున్నాక ఇంకా బిగుసుకుంటది కదా. స్పేర్ లాక్ వంద రూపాయల లోపు వస్తువు. ఎవరి సైజుది వాళ్లు తెచ్చుకుంటే ఆ రోజు పది నిమిషాల్లో బయల్దేరేవాళ్లు. తన బండిని చూసుకోకుండా వచ్చి తోటివాళ్లను అడవిలో నిలబెట్టడం కూడా తప్పే. నాకు అదే పెద్ద తప్పు అనిపిస్తది.

పానగల్లు బాట

అన్నా, క్లిప్ దొరకలేదు కాబట్టి ఎటు ఉందో ఖాయంగా చెప్పలేను. చైను అతనే ఇంట్లో మార్చుకున్నాడు, ఎటు పెట్టాడో గుర్తు లేదంటున్నాడు. మీరు చెప్పింది అతనికి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. కానీ బండి చూసుకోనివాడినైనా అడవిలో వదిలి పోలేం కదా.

పాలమూరు పిల్ల

నాకు జరిగింది వేరే. జడ్చర్ల నుంచి ఒక్కదాన్నే భూత్పూర్ వైపు వస్తుంటే 44వ నంబర్ హైవే మీద క్లచ్ కేబుల్ తెగింది. లివర్ దగ్గర తీగలు ఒక్కొక్కటే ముందే తెగుతూ వచ్చాయి, క్లచ్ గట్టిపడిందని తెలుసు, రేపు చూద్దాంలే అనుకున్నాను. మధ్యాహ్నం కాబట్టి భయం వేయలేదు. 1033కి ఫోన్ చేశాను, హైవేలకు ఆ నంబర్ ఉంటుంది.

ఈలోపు ఎవరో తెలియని రైడర్లు పదిమంది దాకా వచ్చి ఆగారు. అందరూ చుట్టూ నిలబడి తలా ఒక సలహా చెప్తుంటే నిజం చెప్తున్నా, నాకు ఊపిరాడలేదు. వాళ్లు మంచివాళ్లే, ఒక్క చెడ్డ మాట లేదు. అయినా రోడ్డు పక్కన అంతమంది మగవాళ్ల మధ్య నిలబడటం వేరు. వాళ్లలో ఒక పెద్దాయనకు అర్థమైనట్టుంది. "మీరు పొండిరా, నేనుంటా" అని అందరినీ పంపేశాడు. ఒకతన్ని మాత్రం కేబుల్ కోసం జడ్చర్లకు తోలాడు. ఆయన నాకు పది అడుగుల దూరంలో తన బండి మీద కూర్చొని వచ్చే బండ్ల వైపు చూస్తూ ఉన్నాడు. గంటంపావు. కేబుల్ వచ్చింది, వేశారు, వెళ్లిపోయారు.

కాబట్టి అందరూ ఆగడమే స్నేహం అంటే నేను ఒప్పుకోను. ఎవరు ఆగాలో ఆగిపోయిన మనిషిని అడగండి. నన్ను ఎవరూ అడగలేదు, ఆ పెద్దాయన అడగకుండానే తెలుసుకున్నాడు. అందరికీ అట్లాంటివాళ్లు దొరకరు.

రాజ్‌దూత్ మామ

మా రోజుల్లో దేవరకొండ రోడ్డు మీద బండి పక్కకు పెట్టి ప్లగ్గు విప్పుతున్నవాణ్ణి చూస్తే ఎవరైనా ఆగేవాళ్లు. అగ్గిపెట్టె పక్కతో ప్లగ్గు మొన రుద్ది, తుడిచి, పెడితే బండి లేచేది. అందరికీ తెలిసిన పని కాబట్టి అందరూ ఆగేవాళ్లు. ఇప్పుడు సెన్సర్లు, ఇంజెక్షన్. ఆగినా ఏం చేయాలో తెలియదని జంకి పోతున్నారు గానీ మనసు లేక కాదు, బాబూ. పిల్లల మీద కోపం పెట్టుకోకు.

ముందు బండి

ఆ ఐదుగురిలో ముందు పోయింది నేనే. గ్రూపు వదిలిన ఇద్దరిలో కూడా నేనొకణ్ణి. ఇక్కడ రాయొద్దనుకున్నాను, కానీ ఆగలేకపోయాను.

అన్నా, మేం మిమ్మల్ని వదిలేసి పోయామని గ్రూపులో రాశారు. ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. మన్ననూరులో చెక్‌పోస్టు దాటాక పక్కకు ఆగి చూశాం. ఇరవై నిమిషాలు. ఒకతనికి రాత్రి డ్యూటీ ఉంది, పోదాం పోదాం అంటున్నాడు. మీరు ఫొటోల కోసం ఆగి ఉంటారని అనుకున్నాం, పొద్దున అట్లాగే రెండుసార్లు ఆగారు కదా. డిండిలో కలుద్దామని మెసేజ్ పెట్టి కదిలాం. అక్కడికి పోయాక మీ ముగ్గురి ఫోన్లూ కలవలేదు. అప్పుడు వెనక్కి రావాలా? ఎనిమిదింటికి మళ్లీ గేటు లోపలికి వస్తే తొమ్మిదిలోపు బయటపడతామని నమ్మకం లేదు. మా దగ్గర కూడా 520 లాక్ లేదు. వచ్చి ఏం చేసేవాళ్లం?

పానగల్లు బాట

తమ్మీ, ఇది నువ్వు ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేది. ఇరవై నిమిషాలు ఆగిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. "వదిలేసి పోయారు" అన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను, గ్రూపులో కూడా రాస్తాను.

కానీ ఒకటి విను. డిండి వాగు అన్న చెప్పినట్టు ముందుకు పోయి పికప్ పంపి ఉంటే నేను ఒక్క మాట అనేవాణ్ణి కాదు. పోవడం తప్పని నేను అనడం లేదిప్పుడు, ఇక్కడ అందరివీ చదివాక. తెలిసి పోతే అది సాయం కోసం పోవడం. మీరు తెలియక పోయారు. మన్ననూరులో మీకు సిగ్నల్ ఉంది, మనుషులున్నారు, బండ్లున్నాయి. మా దగ్గర ఏం లేవు. మూడు బండ్లు ఇరవై నిమిషాలైనా రాలేదంటే ఫొటోలు అనుకోవద్దు. చెక్‌పోస్టులో వాళ్లతో ఒక్క మాట చెప్పి, ఎదురొచ్చే బస్సు డ్రైవర్‌ను "దారిలో ఎవరైనా ఆగి ఉన్నారా" అని అడిగినా తెలిసేది. చీకట్లో ఆ గంటన్నర మేం ముగ్గురం మాట్లాడుకుంది ఒకటే, వాళ్లకు తెలుసా లేదా అని. చైను గురించి కూడా అంత మాట్లాడుకోలేదు.

డిండి వాగు

అద్దం నియమానికి నేను ఇంకా ఒప్పుకోను. ఊరు వచ్చినచోటల్లా, చెక్‌పోస్టు దగ్గర, రోడ్డు చీలేచోట ఆగి లెక్కపెట్టుకోవాలి, లెక్క తేలకుండా కదలొద్దు అంటే ఒప్పుకుంటాను.

స్పానర్, దేవరకొండ

బయల్దేరే ముందు ఎవరి దగ్గర ఏ సామాను ఉందో కూడా లెక్కపెట్టుకోండి. పాత క్లచ్ కేబుల్ పక్కనే కొత్తది వేసి జిప్ టైతో కట్టి ఉంచితే, తెగినప్పుడు రెండు కొనలు మార్చుకుంటే సరి. పాలమూరు పిల్ల, నీకు కూడా చెప్తున్న.

ముందు బండి

చెక్‌పోస్టులో అడగాలన్నది నాకు తట్టలేదన్నా. తట్టాల్సింది.

వచ్చే ఆదివారం సోమశిల పోదామని ఇద్దరు ముగ్గురు అంటున్నారు. నన్ను మళ్లీ గ్రూపులో కలపండి. ఈసారి చివరి బండి నాది. ఎవరెవరి చైను సైజు ఏంటో ఒక మెసేజ్ పెట్టమనండి, శుక్రవారం నల్లగొండకు వస్తున్నా, అన్ని సైజుల లాకులు నేనే తెస్తా.