వీపీఎన్‌లో వెళ్లే కాల్స్: ప్రాధాన్యపు గుర్తు బయటికి కనిపించాలా?

నిశాచరి: మా రెండు ఆఫీసుల మధ్య ఐపీసెక్ టన్నెల్ (ప్యాకెట్లను ఎన్‌క్రిప్ట్ చేసి, బయట కొత్త హెడర్ తొడిగి పంపే వీపీఎన్ దారి) ఉంది. కాల్స్ కూడా దాంట్లోనే వెళ్తాయి. బ్యాకప్ మొదలైతే చాలు, మాట ముక్కలు ముక్కలవుతుంది. వాయిస్ ప్యాకెట్ల మీద, లోపలి హెడర్‌లో డీఎస్‌సీపీ 46 (ముందు దారి ఇమ్మని రౌటర్లకు చెప్పే ప్రాధాన్యపు గుర్తు) ఉంది. దాన్ని బయటి హెడర్‌కు కాపీ చేయాలా, వద్దా?

తంత్రి: చేయాల్సిందే. ఎన్‌క్రిప్ట్ అయ్యాక దారిలోని రౌటర్‌కు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. గుర్తు కూడా దాచేస్తే ఏది కాలో, ఏది బ్యాకపో దానికెలా తెలుస్తుంది? 2005 నాటి ఐపీసెక్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 4301 ప్రకారం కూడా బయటి గుర్తు లోపలి దాని నుంచే వస్తుంది, వద్దనుకున్నవారు మార్చుకోవచ్చు.

మూడోపొర: తెలిసి ఏం చేస్తుందండీ? ప్రొవైడర్‌తో ఒప్పందం ఉన్న ఎంపీఎల్ఎస్ లైనైతే (ప్రొవైడర్ తన నెట్‌వర్క్‌లోనే నడిపే ప్రైవేటు లైను) సరే. మామూలు ఇంటర్నెట్‌లో 46ను పట్టించుకునేవారు అరుదు, చాలాచోట్ల సున్నా చేసి పంపేస్తారు. పైగా కాల్ నడుస్తోందని దారిన పోయేవాడికి మనమే చాటినట్లు. వైర్‌గార్డ్ అనే మరో వీపీఎన్ తన డేటా ప్యాకెట్లకు లోపలి గుర్తు కాపీ చేయనిది అందుకే.

తంత్రి: సెకనుకు 50 చొప్పున, ఒకే సైజులో, లెక్క తప్పకుండా ప్యాకెట్లు వెళ్తుంటే అది కాల్ అని గుర్తు చూసే కనిపెట్టాలా?

కొలబద్ద: మీరిద్దరూ దారి గురించి కొట్లాడుకుంటున్నారు. నిశాచరి గారి ఇబ్బంది సొంత రౌటర్ దగ్గరే ఉన్నట్టుంది. అప్‌లోడ్ సెకనుకు 10 మెగాబిట్లు అనుకుందాం. బ్యాకప్ తాలూకు 1500 బైట్ల ప్యాకెట్లు 250 వరుస కడితే, అవి పోవడానికే 300 మిల్లీసెకన్లు. కాల్‌లో ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకూడదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ జీ.114 సూచన.

సరే, ప్రాధాన్యం ఇచ్చి కాల్‌ను ముందుకు దూకించారు. అసలు తిరకాసు అక్కడే. ఐపీసెక్ ఎన్‌క్రిప్ట్ చేసేటప్పుడే వరుస సంఖ్య వేస్తుంది. 251వ నంబరు కాల్ ప్యాకెట్ ముందు చేరిందంటే, 64 ప్యాకెట్ల రీప్లే విండో (పాత ప్యాకెట్లను ఎవరైనా మళ్లీ పంపితే పట్టుకోవడానికి చూసే నంబర్ల పరిధి) ఉన్న అవతలి పెట్టె 188 కంటే తక్కువ నంబర్లన్నిటినీ పాతవని పారేస్తుంది. అంటే 187 బ్యాకప్ ప్యాకెట్లు బుట్టదాఖలు! కాల్ బాగుపడింది, బ్యాకప్ కుంటుతోంది, నింద మాత్రం లైన్ మీద.

కాబట్టి వరుస మార్చడం ఎన్‌క్రిప్షన్‌కు ముందే జరగాలి. రౌటర్‌లో పంపే వేగానికి పరిమితి పెట్టే షేపర్‌ను లైన్ వేగం కన్నా కొంచెం తక్కువకు బిగించండి. టన్నెల్ అదనపు బైట్లు కలిపి లెక్క వేయండి: ఐపీ హెడర్లతో సెకనుకు 80 కిలోబిట్లుండే జీ.711 (మాటను డిజిటల్‌గా మార్చే పద్ధతి) కాల్, ఐపీసెక్ ఎన్‌క్రిప్షన్ తొడుగైన ఈఎస్‌పీ వేశాక 100 దాటుతుంది. అలా కుదరకపోతే వాయిస్‌కు వేరే ఎస్‌ఏ (సొంత వరుస సంఖ్యలుండే విడి ఐపీసెక్ కనెక్షన్) పెట్టండి, అదీ కాకపోతే విండో పెంచండి.

మూడోపొర: అయితే గుర్తు బయటికి అక్కర్లేదనేగా!

తంత్రి: తొందరపడకండి. అది అప్‌లోడ్ సంగతి. టన్నెల్‌తో సంబంధం లేని పెద్ద డౌన్‌లోడ్ ఒకటి లైన్ నింపేస్తే, వరుస ప్రొవైడర్ పెట్టెలో కడుతుంది. అక్కడ మీ షేపర్ చేయి ఆడదు.

కొలబద్ద: వచ్చే వేగాన్ని కూడా మన రౌటర్‌లో కొంత తగ్గించి పట్టుకోవచ్చు, టీసీపీ వెనక్కి తగ్గుతుంది. పూర్తి మందు కాదు. ప్రొవైడర్ 46ను గౌరవిస్తానని రాసిస్తే మాత్రం కాపీ చేయడం దండగ కాదు.

నిశాచరి: ముందు రీప్లే కౌంటర్ (పాతవని పారేసిన ప్యాకెట్ల లెక్క) చూస్తాను. ఒప్పందం కాగితాలు తర్వాత తీస్తాను.