స్టీవ్ ఎర్ల్ ‘టౌన్స్’ ఆల్బమ్‌ను ఏ మూల రికార్డింగులతో పోల్చి వినాలి?

అమెరికన్ కంట్రీ, ఫోక్ సంగీతంతో మంచి పరిచయం ఉన్నవారి సలహా కోరుతున్నాను. గాయకుడు, గీతకర్త స్టీవ్ ఎర్ల్ తాను గురువుగా భావించిన టౌన్స్ వాన్ జాంట్ పాటలను మళ్లీ పాడి, 2009లో ‘టౌన్స్’ అనే ఆల్బమ్‌గా తెచ్చారు. దానికి మరుసటి ఏడాది గ్రామీ పురస్కారం కూడా దక్కింది. కొడుకు పేరులో సైతం ఆ గురువు పేరును చేర్చుకున్న మనిషి, 1997లో ఆయన కన్నుమూసిన పన్నెండేళ్లకు ఆ పాటలను తన గొంతులోకి ఎలా తెచ్చుకున్నారో శ్రద్ధగా తెలుసుకోవాలని నా కోరిక.

పోలిక కోసం టౌన్స్ తొలినాటి స్టూడియో ఆల్బమ్‌లను తీసుకోవాలా, లేక 1973లో హ్యూస్టన్‌లోని ఓల్డ్ క్వార్టర్ అనే బార్‌లో ఆయన ఒక్కరే గిటారుతో పాడిన ప్రత్యక్ష కచేరీ రికార్డింగును తీసుకోవాలా? 1968 నాటి మొదటి ఆల్బమ్‌లో వాద్యాల హంగు పాటను కొంత కప్పేసిందని నాకు అనిపిస్తుంది కనుక, నా మొగ్గు కచేరీ వైపే ఉంది. అయితే ఎర్ల్‌ను ప్రభావితం చేసినవి ఏ రూపాలో తెలిసినవారు చెబితే నా అభిప్రాయాన్ని సంతోషంగా మార్చుకుంటాను.

టౌన్స్ రాసిన ‘పాంచో అండ్ లెఫ్టీ’ పాటలో ఇద్దరూ గిటారు తీగలను మీటే పద్ధతిలో తేడాను స్వరలిపి చదవలేని శ్రోత ఎలా గుర్తుపట్టవచ్చో కూడా దయచేసి వివరించండి. మరో గురువు గై క్లార్క్ పాటలతో ఎర్ల్ 2019లో చేసిన ‘గై’ ఆల్బమ్‌ను ‘టౌన్స్’ వెంటనే వినడం మేలా?