మెగ్నీషియం ఆక్సైడ్‌లో 2 కొట్టేస్తాం, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఎందుకు కొట్టేయం?

నమస్కారం అండీ. నేను కామర్స్ చదివాను. ఇప్పుడు పోటీ పరీక్ష కోసం కెమిస్ట్రీ మొదటి నుంచి సొంతంగా నేర్చుకుంటున్నాను.

మొదట్లో నీటి సమీకరణం తుల్యం చేయమంటే (అంటే రెండు వైపులా పరమాణువుల లెక్క సమానం చేయమంటే), ఎడమవైపు ఆక్సిజన్ పరమాణువులు రెండున్నాయి కదా అని కుడివైపు హెచ్₂ఓని హెచ్₂ఓ₂గా మార్చేశాను. లెక్క సరిపోయింది, కానీ అది నీళ్లు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్ అని తర్వాత తెలిసింది. కింది చిన్న అంకెను ముట్టుకోకూడదని అప్పుడు బుర్రకెక్కింది. ఇప్పుడు 2హెచ్₂ + ఓ₂ → 2హెచ్₂ఓ అని తడుముకోకుండా రాస్తున్నాను.

అసలు చిక్కు వేరే ఉంది. సంయోజకతలు (ఒక్కో మూలకం ఎన్ని బంధాలు ఏర్పరచగలదో చెప్పే అంకెలు) అటూ ఇటూ మార్చి రాస్తే అల్యూమినియం ఆక్సైడ్ ఏఎల్₂ఓ₃ అని చక్కగా వస్తోంది. అదే పద్ధతిలో మెగ్నీషియం ఆక్సైడ్‌కి ఎంజీ₂ఓ₂ వస్తుంది, దాన్ని రెండుతో కొట్టేసి ఎంజీఓ అని రాయమంటారు. మరి హెచ్₂ఓ₂ని కూడా అలాగే కొట్టేసి హెచ్ఓ అని ఎందుకు రాయం? మొదటిది స్ఫటికంలో అయాన్ల (విద్యుదావేశం ఉన్న కణాల) నిష్పత్తి, రెండోది విడి అణువు, అందుకే తేడా అని నాకనిపిస్తోంది. ఇది సరైనదేనా? ఫార్ములా చూడగానే ఏది ఏ రకమో ఎలా గుర్తుపట్టాలి?

ఇంకో చిన్న సందేహం. ఈథేన్ మండే సమీకరణంలో ఆక్సిజన్ ముందు మూడున్నర వస్తోంది. అన్నిటినీ రెట్టింపు చేసి 2సీ₂హెచ్₆ + 7ఓ₂ → 4సీఓ₂ + 6హెచ్₂ఓ అని రాశాను. పరీక్షలో మూడున్నర అలాగే వదిలేస్తే తప్పంటారా?

బట్టీ పట్టడం నాకిష్టం లేదు, కారణం అర్థమయ్యేలా ఎవరైనా వివరించండి, ప్లీజ్.