329 పోటీలకు 385 కాంస్యాలా? పతకాల పట్టికలో లెక్క కుదరడం లేదు

నోటీసుబోర్డు: కాలేజీ క్రీడా విభాగం గోడకు పెట్టేందుకు పారిస్ 2024 ఒలింపిక్స్ పతకాల పట్టిక ఎక్సెల్‌లో తయారవుతోంది. రెండు చిక్కులు. మొత్తం పోటీలు 329, స్వర్ణాలు కూడా 329, అక్కడికి బానే ఉంది. కానీ రజతాలు 330, కాంస్యాలు 385 వస్తున్నాయి. ఎక్కడైనా రెండుసార్లు ఎక్కించామా? రెండోది: స్వర్ణానికి 100, రజతానికి 10, కాంస్యానికి 1 చొప్పున పాయింట్లు వేసి వరస పెడితే బ్రిటన్ ఆరు, నెదర్లాండ్స్ ఏడు అవుతున్నాయి. మిగతా అందరి పట్టికల్లో ఇది తిరగేసి ఉంది.

లెక్కలపద్దు: మీ మొత్తాలు సరైనవేనండీ. ప్రతి పోటీకీ మూడే పతకాలు అనుకోవడంతోనే చిక్కు వచ్చింది. కొన్ని ఆటల్లో ఇద్దరికి కాంస్యం ఇస్తారు. పారిస్‌లో రెజ్లింగ్ 18 విభాగాలు, జూడో 14తో పాటు మిక్స్‌డ్ టీమ్ ఒకటి, బాక్సింగ్ 13, తైక్వాండో 8. కలిపితే 54. 329కి 54 కలిపితే 383.

ఇక సమానమైన ఫలితాలు చూడండి. పురుషుల 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ ఈతలో స్వర్ణం గెలిచిన మార్టినెంగీ వెనక పీటీ, ఫింక్ ఇద్దరూ 59.05 సెకన్లకే గోడ తాకారు. ఇద్దరికీ రజతం, ఆ పోటీలో కాంస్యం లేదు. మీ రజతాల్లో ఎక్కువ వచ్చిన ఒకటి అదే. కాంస్యాల్లోంచి ఒకటి తీసేయండి, 382. మహిళల హైజంప్, పురుషుల హారిజాంటల్ బార్, మహిళల కయాక్ జోడీ 500 మీటర్లు, ఈ మూడింట్లో కాంస్యాన్ని ఇద్దరిద్దరు పంచుకున్నారు. 385 అయిందా?

గుర్తుంచుకోవడానికి: స్వర్ణం ఇద్దరికి వస్తే రజతం ఉండదు, రజతం ఇద్దరికి వస్తే కాంస్యం ఉండదు. 2016 రియో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బటర్‌ఫ్లై ఈతలో ఫెల్ప్స్, లె క్లో, చెహ్ ముగ్గురూ 51.14 సెకన్లతో రెండో స్థానంలో నిలిచారు. ఒక స్వర్ణం, మూడు రజతాలు, కాంస్యం సున్నా.

బరి: రెండు కాంస్యాల ఆటలన్నింటికీ పద్ధతి ఒకటి కాదు. బాక్సింగ్‌లో సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ నేరుగా కాంస్యమే, మళ్లీ బరిలోకి దిగే పని లేదు. టోక్యోలో లవ్లీనాకు అలాగే వచ్చింది. రెజ్లింగ్‌లో అలా కుదరదు. ఫైనల్ చేరినవాళ్ల చేతిలో ముందు రౌండ్లలో ఓడినవాళ్లను వెనక్కి పిలిచి రెపిచాజ్ ఆడిస్తారు. అందులో నెగ్గుకొచ్చినవాళ్లు సెమీస్‌లో ఓడినవాళ్లతో కాంస్యానికి తలపడాలి. రియోలో సాక్షీ మలిక్ క్వార్టర్స్‌లో ఓడీ కాంస్యం తెచ్చింది ఈ దారినే.

నెట్‌పక్కన: బ్యాడ్మింటన్‌లో అయితే టోర్నీ మారితే నిబంధనే మారుతుంది. ఒలింపిక్స్‌లో కాంస్యానికి విడిగా మ్యాచ్ ఉంటుంది. టోక్యోలో సింధు సెమీస్ ఓడాక హె బింగ్‌జావోను 21-13, 21-15తో ఓడించి తెచ్చుకుంది. పారిస్‌లో లక్ష్యసేన్ ఆ మ్యాచ్‌లో ఓడి ఖాళీ చేతులతో వచ్చాడు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మాత్రం ఆ మ్యాచే లేదు, సెమీస్ చేరితే కాంస్యం ఖాయం. సింధు 2013, 2014 కాంస్యాలు అలాంటివే. రెండు టోర్నీల పతకాలనూ ఒకే గంపలో పోసి పోల్చొద్దు.

ఇనుము: వెయిట్‌లిఫ్టింగ్‌లో ఇంకా తేడా. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో స్నాచ్‌కి (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం), క్లీన్ అండ్ జెర్క్‌కి (రెండు దశల్లో ఎత్తడం), ఈ రెండింటి మొత్తానికి విడివిడిగా పతకాలిస్తారు. ఒలింపిక్స్‌లో మొత్తానికి ఒక్కటే. సిడ్నీ 2000లో 69 కిలోల విభాగంలో మన మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తి 240తో కాంస్యం తీసుకుంది. పైన ఇద్దరిదీ 242.5 కిలోలే. అప్పటి నిబంధన ప్రకారం ఒంటి బరువు తక్కువున్న లిన్ వైనింగ్‌కి స్వర్ణం. ఇప్పుడు మొత్తాలు సమానమైతే, ఆ మొత్తాన్ని ముందు చేరుకున్నవాళ్లదే పైచేయి.

లెక్కలపద్దు: రెండో చిక్కుకి వస్తే, తప్పు పాయింట్లదే. నెదర్లాండ్స్ 15-7-12 (స్వర్ణం-రజతం-కాంస్యం), మీ లెక్కలో 1582. బ్రిటన్ 14-22-29, అది 1649. పది రజతాలు కలిస్తే ఒక స్వర్ణాన్ని మింగేస్తున్నాయన్నమాట. వాడుకలో ఉన్న వరసలో ఎన్ని రజతాలైనా ఒక్క స్వర్ణానికి సాటి రావు.

పాయింట్లు వదిలేయండి. డేటా ట్యాబ్‌లో సార్ట్ నొక్కి, మొదటి లెవెల్ స్వర్ణం, యాడ్ లెవెల్‌తో రజతం, ఆపైన కాంస్యం, మూడింటికీ ‘పెద్దది నుంచి చిన్నది’ పెట్టండి. ర్యాంకు అంకె కూడా కావాలంటే స్వర్ణాలను 10,00,000తో, రజతాలను 1,000తో గుణించి కాంస్యాలు కలిపి, దానిమీద ర్యాంక్ ఫంక్షన్ వాడండి. నెదర్లాండ్స్ 1,50,07,012, బ్రిటన్ 1,40,22,029 వస్తాయి. మూడు అంకెలూ సమానమైతే ఒకే ర్యాంకు ఇచ్చి తర్వాతది వదిలెయ్యాలి. డొమినికా, పాకిస్తాన్ రెండూ 1-0-0తో 62, ఆ వెంటనే 64వ స్థానంలో ఎనిమిది పతకాల తుర్కియే. ఆరు పతకాల మనం 71. ఒక్క పతకం ఉన్న పాకిస్తాన్ మనకన్నా పైన ఎందుకుంది? గోడ ముందు నిలబడి పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఇదే, జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

నోటీసుబోర్డు: సార్ట్‌తో కుదిరింది, థాంక్స్ అండీ. హాకీ కాంస్యం జట్టులో అందరికీ ఇచ్చారు కదా, ఒకటే వేయాలా?

బరి: ఒకటే. మెడలో ఎన్ని పడ్డా పట్టికలో జట్టుకి ఒకటే లెక్క. మను భాకర్, సరబ్‌జోత్ జోడీదీ ఒకటే. మను విడిగా గెలిచింది ఇంకొకటి.

నెట్‌పక్కన: పట్టిక కింద ‘ఫలానా తేదీ నాటికి’ అని తప్పకుండా రాయండి. జకార్తా 2018 ఆసియా క్రీడల్లో మనవి 15-24-30, మొత్తం 69. తర్వాత బహ్రెయిన్ రన్నర్ అడెకోయా డోపింగ్‌లో దొరికింది. మన మిక్స్‌డ్ రిలే రజతం స్వర్ణమైంది, 400 మీటర్ల హర్డిల్స్‌లో నాలుగో స్థానంలో ఉన్న అను రాఘవన్‌కి కాంస్యం వచ్చింది. ఇప్పుడది 16-23-31, మొత్తం 70. పాత పేపర్ కటింగ్ చూసి ఎక్కిస్తే 69 దగ్గరే ఆగిపోతారు.