కళ్లజోడు తీస్తే దగ్గరివి కనిపించని పెద్దవారికి కాంటాక్ట్ లెన్సు పెట్టుకోవడం నేర్పేదెలా?

పొందూరు కోడలు:
మా అత్తగారికి 63 ఏళ్లు. రెండు కళ్లకూ +7 దీర్ఘదృష్టి, దానికి తోడు చత్వారం. బరువైన కళ్లజోడుకు ముక్కు ఒరుసుకుపోతుండటంతో కంటి డాక్టరు గారు పరీక్షలన్నీ చేసి మెత్తటి లెన్సులు రాసిచ్చారు. కొన్నచోట మాత్రం పది నిమిషాలు చూపించి, అద్దంలో చూసుకుంటూ పెట్టుకోమని పంపేశారు. కళ్లజోడు తీయగానే ఆవిడకు అద్దంలో తన ముఖమే మసకగా ఉంటుంది. వేలికొన మీది లెన్సు అసలే కనిపించదు. నిన్న ముప్పావు గంట ప్రయత్నించాక కన్ను ఎర్రబడింది, "నా వల్ల కాదమ్మా, వదిలేయ్" అన్నారు. నలభై ఏళ్లు వాలుగ చేప దవడతో పత్తి దువ్వి సన్న నూలు వడికిన మనిషి అలా చేతులు ముడుచుకుని కూర్చుంటే నాకు చాలా బాధ కలిగింది. ఎలా నేర్పాలో తెలిసినవారు చెప్పగలరు.

శ్రీకాకుళం కళ్లద్దాల దుకాణంలో పనిచేసేవారు:
అమ్మా, ముందుగా కన్ను పూర్తిగా తేటపడేవరకు ఆపండి. ఎరుపు తగ్గకపోయినా, నొప్పి ఉన్నా డాక్టరు గారికి చూపించండి.

మీ అత్తగారికి కావలసింది చూపు కాదు, స్పర్శ. అంత సన్నని నూలును వేళ్లతోనే పోల్చుకున్న ఆవిడకు ఇది కొత్త విద్య కాదు. చూసి చేయవలసిన పనులన్నీ కళ్లజోడు ఉండగానే ముగించాలి: చేతులు సబ్బుతో కడిగి, నూగు రాలని గుడ్డతో పొడిగా తుడుచుకుని, లెన్సును చూపుడు వేలికొన మీద నిలిపి, అది గిన్నెలా ఉందా, లేక అంచులు పళ్లెంలా బయటకు వాలి తిరగబడిందా అని వెలుతురులో చూసుకోవాలి. తర్వాతే మరో చేత్తో కళ్లజోడు తీయాలి. వేలు తడిగా ఉంటే లెన్సు కంటికి అంటుకోదు, వేలినే పట్టుకుని ఉండిపోతుంది; చాలామంది విసిగిపోయేది ఇక్కడే.

ఇక నల్లగుడ్డు మీదనే పెట్టాలన్న పట్టుదల వద్దు. లెన్సున్న చేతి మధ్యవేలితో కింది రెప్పను దించి, రెండో చేత్తో పై రెప్పను వెంట్రుకల మొదట్లో గట్టిగా పట్టి, చూపును పైకి నిలిపి, కింది తెల్లగుడ్డు మీద లెన్సును ఆనించమనండి. వేలు తీసి, మెల్లగా కిందికి చూసి, రెప్ప వదిలి రెండుసార్లు ఆర్పితే లెన్సు తనంతట తానే మధ్యకు జరుగుతుంది. పెద్దవారి పై రెప్ప వదులుగా ఉంటుంది కనుక, అది జారకుండా పట్టుకోవడమే సగం పని. మొదటి రెండు రోజులు లెన్సు లేకుండా రెప్పలు పట్టడం మాత్రమే సాధన చేయించండి.

విజయనగరం, విశ్రాంత ఉపాధ్యాయుడు:
నాకు +5.50 పవర్ ఉంది, 58వ ఏట నేర్చుకున్నాను. పై సలహాకు ఒక్కటి చేర్చుతాను. గోడ అద్దం మానేసి, పెద్దదిగా చూపించే గుండ్రటి అద్దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, దాని మీదికి వంగి పెట్టుకునేవాడిని. ముఖం కిందికి ఉండటం వల్ల లెన్సు జారినా ఒళ్లో పడేది కాదు, అద్దం మీదనే పడేది. మొదట ఏ కన్ను సులువో ఆ కంటికి పెట్టుకుంటే, రెండో కంటికి పెట్టేటప్పుడు ఆ మొదటి కన్నే దారి చూపిస్తుంది. అయితే నాకిచ్చినవి దూరపు చూపు లెన్సులు కనుక, పేపరు చదవడానికి ఇప్పటికీ చదువుల కళ్లజోడు కావాలి. ఈ సంగతి మీ అత్తగారికి ముందే చెప్పండి, తర్వాత నిరాశ పడకుండా ఉంటారు.

పొందూరు కోడలు:
మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. నాలుగు రోజులు ఆగి, కన్ను తేటపడ్డాక మొదలుపెట్టాము. ఈ ఉదయం కుడి కంటికి మూడోసారికే కుదిరింది. "ఎదురింటి అరుగు మీద పిల్లి కూర్చుందే" అన్నారు. ఎడమ కంటి లెన్సు మాత్రం బల్ల మీద పడింది. కుళాయి నీటితో కడిగి పెట్టవచ్చా?

శ్రీకాకుళం కళ్లద్దాల దుకాణంలో పనిచేసేవారు:
వద్దమ్మా. కుళాయి నీరైనా, బావి నీరైనా, కాచిన నీరైనా లెన్సుకు తగలకూడదు. నీటిలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి నల్లగుడ్డుకు పుండు చేసి చూపునే తీయగలదు. లెన్సులు కడిగే ద్రవం, అంటే సొల్యూషన్, కొత్తగా పోసి దానితో రుద్ది కడగండి, అంచు చిరిగి ఉంటే పారేయండి. రాత్రి పడుకునే ముందు తీసేటప్పుడు, పైకి చూస్తూ లెన్సును తెల్లగుడ్డు మీదికి జార్చి, గోరు తగలకుండా రెండు వేళ్ల మెత్తతో పట్టి తీయాలి. ఆవిడ గోళ్లు ఈ పూటే కత్తిరించండి.