"ప్రమాద కారకం" అంటే చదివేవాళ్ళకి ఏం తడుతుంది?

ప్రశ్న: ఓ చిన్న సాయం కావాలి. మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాముల్లో నరాల మీది పొర దెబ్బతినే జబ్బు) మీద కరపత్రం ఒకటి తెలుగు చేస్తున్నాను. ఇంగ్లీషు "రిస్క్ ఫ్యాక్టర్"కి ప్రమాద కారకం అనుకుని, "వివిధ జాతులలో జన్యు ప్రమాద కారకాలు" అని శీర్షిక పెట్టాను. మా అత్తయ్య చూసి "జన్యువులకి యాక్సిడెంట్ ఏమిట్రా?" అంది. అప్పటికి నవ్వేశాను గానీ, ఆ తర్వాత కలం కదల్లేదు. రోజూ పేపర్లో రోడ్డు ప్రమాదాలు చదివేవాళ్ళకి ప్రమాదం అంటే జరిగిపోయిన సంగతే కదా. ఇంకేం మాట వాడాలి?

జవాబు: ప్రమాదం సంగతి సరే, నా పేచీ "కారకం"తో. కలరాకి వ్యాధికారకం ఒక బ్యాక్టీరియా. అది లేనిదే కలరా లేదు. ఇక్కడ అలా కాదండీ. ఈ జబ్బుకి సంబంధించి తెలిసిన జన్యు రకాల్లో బలమైనది హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1*15:01, అంటే రోగనిరోధక వ్యవస్థకి చెందిన డీఆర్‌బీ1 అనే జన్యువులో 15:01 అనే రకం. యూరప్ మూలాలున్నవాళ్ళలో అది ఉంటే ముప్పు సుమారు 3 రెట్లు. అయినా అది ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి జబ్బు రానే రాదు, లేనివాళ్ళకీ రావచ్చు. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి వస్తే, రెండోవారికీ వచ్చేది నూటికి 25–30 జంటల్లోనే. దీన్ని కారకం అని రాస్తే చదివినవాడు ఇంటికెళ్ళి అమ్మ మీద పడతాడు. "ముప్పు పెంచే జన్యువులు" అనండి, చాలు.

జవాబు: "వంశపారంపర్య ముప్పు" అంటే ఇంకా తేలిక కదా?

జవాబు: వద్దు మాస్టారూ. వంశపారంపర్య ధర్మకర్త అంటాం, తండ్రి తర్వాత కొడుక్కి ఖాయం అని. ఆ మాట కరపత్రంలో పడితే పెళ్ళి సంబంధాలు చెడిపోతాయి.

జవాబు: ముప్పు బాగుంది. "జాతులలో" మాత్రం తీసెయ్యండి. పులి జాతి, తెలుగు జాతి, జాతీయ జెండా, మనకి అన్నిటికీ ఒకటే మాట. సార్డీనియా దీవినే తీసుకోండి. అక్కడ పైన చెప్పిన 15:01 అరుదు, ముప్పు పెంచేవాటిలో ముఖ్యం అదే జన్యువులోని 03:01, 04:05 రకాలు. వాళ్ళూ ఇటలీ పౌరులే, మరి వేరే జాతి అందామా? అమెరికాలో ఆఫ్రికా మూలాలున్నవాళ్ళలో 15:03 కూడా లెక్కలోకొస్తుంది. ఇక ముంబై పార్సీలు. తక్కిన భారతీయులకన్నా వాళ్ళలో ఈ జబ్బు ఎక్కువని వైద్యులు ఎప్పుడో రాశారు. పార్సీ అనేది మతమా, జాతా? ఆ తగువులోకి మనమెందుకు? ఎవరి గురించి రాస్తే వాళ్ళ పేరే పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: అందరికీ థాంక్స్. "ఎవరెవరిలో ఏ జన్యువులు ఎమ్మెస్ ముప్పు పెంచుతాయి?" అని మార్చి అత్తయ్యకి చదివి వినిపించాను. "ఎమ్మెస్ అంటే సుబ్బులక్ష్మి కదరా, ఆవిడకేమిటి ముప్పు?" అంది. జబ్బు పేరు పూర్తిగానే రాస్తున్నాను.