ద్రవాభిసరణలో "ద్రవం" ఏది?

హనుమకొండలో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్తాను. ఒక మాట గురించి ఇక్కడ అడగాలని వారం నుంచి అనుకుంటున్నా. పలచని పొర గుండా నీళ్లు సాగడాన్ని చెప్పే ఆస్మాసిస్‌కు మన పుస్తకాల్లో ద్రవాభిసరణ అని ఉంటుంది. మొన్న ఒక పిల్లవాడు లేచి, "సార్, కల్లు తాగితే ఆల్కహాలు కణంలకు పోతది గదా, అది గూడ ద్రవమే గదా, మరి ద్రవాభిసరణే గదా?" అన్నాడు. కాదని చెప్పాను గానీ, వాణ్ని తప్పుదారి పట్టించింది ఆ మాటే.

అభిసరణ అంటే ఒకదాని వైపు సాగిపోవడం. ప్రియుడి దగ్గరికి బయల్దేరిన నాయికను అభిసారిక అంటాం కదా, అదే ధాతువు. డిఫ్యూజన్‌కు వాడే విసరణ అంటే నలుదిక్కులా వ్యాపించడం. ఇంతవరకు చక్కటి మాట. చిక్కంతా ముందున్న "ద్రవ"తోనే. పొర దాటేది ద్రావణి, అంటే నీరు. ద్రావితం, అంటే అందులో కరిగినది, దాటలేక ఒక పక్కనే ఉండిపోతేనే నీళ్లు ఆ పక్కకు సాగుతాయి. ఆల్కహాలు అణువు చిన్నది, కణం పొరలోంచి సులువుగా దూరిపోతుంది, కాసేపటికే లోపలా బయటా సమానమైపోతుంది, ఇక నీళ్లను గుంజడానికి ఏ పక్కా మిగలదు. అంటే అది విసరణ. తాగినవాళ్ల రక్తంలో ఉండే ఆల్కహాలు తనంతట తాను నీళ్లు గుంజి ఎర్రకణాన్ని ముడుచుకునేలా చెయ్యదు.

అయితే తాగినోళ్లకు తెల్లారి నోరెండుకపోతది ఎందుకు అని ఇంకో పిల్ల అడిగింది. వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను ఆల్కహాలు అణిచేస్తుంది, మూత్రంలో నీళ్లు ఎక్కువ పోతాయి, రక్తంలో లవణాలు చిక్కబడతాయి, అప్పుడు కణాల్లోంచి నీళ్లు బయటికొస్తాయి. ద్రవాభిసరణ ఇక్కడుంది, ఆ గుంజేది ఉప్పు.

మర్నాడు ఆలుగడ్డ ముక్కలు కోసి ఒకటి ఉప్పునీళ్లలో, ఒకటి స్పిరిట్‌లో పిల్లల చేత వేయించాను. ఉప్పునీళ్లది మెత్తబడి వేలాడింది, దాన్ని మంచినీళ్లలో వేస్తే మళ్లీ చాలావరకు బిర్రుగా అయింది. స్పిరిట్‌ది కొంచెం కుంచించుకుపోయి గట్టిపడింది, మంచినీళ్లలో ఎంతసేపు ఉంచినా ఆ పచ్చి ముక్క బిగువు రాలేదు. అంత గాఢమైన స్పిరిట్ నీళ్లు గుంజడంతో ఆగదు, పొరను పాడుచేస్తుంది, ప్రోటీన్లను గడ్డకట్టిస్తుంది, కణం చచ్చిపోతుంది.

ఇది నాకు ఇంట్లో విషయం కూడా. మా బాబాయి ఏళ్ల తరబడి తాగాడు. రక్తపరీక్షలో ఎంసీవీ, అంటే ఎర్రకణం సగటు పరిమాణం, 104 వచ్చింది, మామూలుగా 80 నుంచి 100 ఫెమ్టోలీటర్లు ఉండాలి. "మందు తాగితే కణాలు నీళ్లు పట్టి ఉబ్బినయ్" అని ఇంట్లో అందరూ అనుకున్నారు. అది కాదు, రోజూ తాగేవాళ్లలో మూలుగలో తయారయ్యేటప్పుడే కణాలు పెద్దవిగా తయారవుతాయి, కొందరికి ఫోలేట్ లోపమూ తోడవుతుంది. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు కాబట్టి, మానేసినా ఆ అంకె దిగడానికి నెలలు పడుతుంది. ఇది తెలియక ఆయన నెల రోజులు మానేసి, తేడా రాలేదని మళ్లీ మొదలుపెట్టాడు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇంతకూ నా ప్రశ్న, "ద్రవ" తీసేసి ఏం పెట్టాలి? ద్రావణ్యభిసరణ అంటే పిల్లలకు నోరు తిరగదు. జలాభిసరణ బాగుందా?

వ్యాఖ్య: సార్, ఊరుడు అంటే సరిపోదా? మామిడికాయ ముక్కలకు ఉప్పు కలిపి పెడితే తెల్లారేసరికి ఊట వస్తది గదా. మాది పరకాల దిక్కు, తొక్కు పెట్టే ప్రతి ఇంట్ల ఉన్న మాటే.

జవాబు: చాలా మంచి మాట చెప్పారమ్మా. కానీ ఊరడం అన్నప్పుడు నీళ్లు బయటికొచ్చేదే ముందు గుర్తొస్తుంది, గుడాలకు శనగలు నానబోస్తే లోపలికి పోయేదాన్ని నానడం అంటాం. పుస్తకం రెండింటికీ ఒకే మాట పెట్టింది. రేపు క్లాసులో ఊరడం, నానడం రెండూ బోర్డు మీద రాసి, వాటి కింద జలాభిసరణ అని రాస్తాను.